కింద నిలబడి పట్టుకునేవాళ్లు

మా అమ్మాయిని స్కూల్ డాన్స్‌లోంచి తీసేసిన రోజున నేను డ్యూటీలో ఉన్నాను. బిలాస్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని. వార్షికోత్సవానికి ఎనిమిదిమంది ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టి చూసి, దీని భుజాలు వెడల్పుగా ఉన్నాయని, వరస పాడవుతోందని, దీన్నొక్కదాన్నే పక్కన కూర్చోబెట్టారట. సాయంత్రం నేను క్వార్టర్‌కి వచ్చేసరికి ఆ సంగతి చాలా మామూలుగా చెప్పింది. పద్నాలుగేళ్ల పిల్ల అంత మామూలుగా చెప్పిందంటే అప్పటికే ఎంత ఏడ్చి ఉంటుందో నాకు తెలుసు. ఆ భుజాలు నావే. వాలీబాల్ ఆడి, స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరినదాన్ని నేను.

"గుంటకి నీ పోలికే వొచ్చీసింది. నానేటి సేసేది" అంది మా అమ్మ, అదేదో తన వల్ల జరిగిన పొరపాటైనట్టు. అమ్మ మా దగ్గరే ఉంటుంది. శ్రీకాకుళం వదిలి యాభై ఏళ్లయినా ఆవిడ మాటలో ఒక్క అక్షరం మారలేదు.

నెల తర్వాత మా అమ్మాయి స్నేహితురాలితో కలిసి ఊళ్లోనే ఉన్న లింగియాడీహ్ పేటకి వెళ్లింది. అక్కడ ఒక పాత కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, కొత్తగా పెళ్లై ఈ ఊరొచ్చిన ఒకామె ఆడపిల్లలకు చీర్‌లీడింగ్ నేర్పుతోంది. ఆమె ఒకప్పుడు జిమ్నాస్టిక్స్ చేసిన మనిషి. ఇద్దరు పిల్లలు చుట్టిన మ్యాట్‌ని కదపలేక అవస్థ పడుతుంటే, మా పిల్ల వెళ్లి ఒక్కతే భుజాన వేసుకుని గోడ దగ్గర పెట్టిందట. కోచ్ అది చూసి, "ఈ భుజాలు నాకు కావాలి" అందట. ఇంటికొచ్చి ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి వాళ్ల అమ్మమ్మకు చెప్పింది.

చీర్‌లీడింగ్ అంటే మా ఇంట్లో అందరికీ తెలిసింది క్రికెట్ మ్యాచ్‌లో బౌండరీ పక్కన ఊగే అమ్మాయిలే. ఇది అది కాదని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. ఇందులో ఉత్సాహపరచడానికి వేరే ఆటగాళ్లెవరూ ఉండరు. ఇదే ఆట. సంగీతం మొదలైన క్షణం నుంచి రెండున్నర నిమిషాలు. ఆ లోపల పల్టీలు కొట్టాలి, ఒకరినొకరు ఎత్తుకోవాలి, గాల్లోకి విసిరి పట్టుకోవాలి, మనుషులతో గోపురం కట్టాలి. పైకి ఎగిరే పిల్లని ఫ్లయర్ అంటారు. కింద నిలబడి ఎత్తేవాళ్లని బేస్ అంటారు. మా అమ్మాయి బేస్.

"ఏటే ఇది, ఆడపిల్లని మరో ఆడపిల్ల నెత్తికెక్కించుకోడమేటి?" అంది అమ్మ.

మా ఆయన గూడ్స్ బండి లోకో పైలట్. రెండు రోజుల తర్వాత డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, అంతా విని ఒక్క ప్రశ్న అడిగారు. "దీనికి కోటా ఉందేటి?"

"లేదు" అన్నాను.

"అచ్ఛా" అని పడుకున్నారు. వద్దనలేదు. మా ఇంట్లో అనుమతులు అలాగే వస్తాయి.

అలా మొదలైంది. ఆఫీసు నుంచి స్కూల్, స్కూల్ నుంచి లింగియాడీహ్, వారానికి ఐదు రోజులు. మండపం వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులం కూర్చునేవాళ్లం. లోపల మ్యాట్ల నుంచి రబ్బరు, చెమట కలిసిన వాసన. ఒకే పాట ముక్క రోజుకి నలభైసార్లు. నాకు పాట కన్నా ముందు, కోచ్ "మళ్లీ" అనే గొంతు కలల్లోకి వచ్చేది. రైల్వేలో పని చేస్తున్నానని తెలిశాక టికెట్ల బాధ్యత నాకు అప్పగించారు. తర్వాత జడల బాధ్యత, తర్వాత పిల్లల ఆధార్ కాపీల బాధ్యత. ఎవరూ ఎన్నుకోకుండానే జట్టుకంతటికీ తల్లినయ్యాను.

ఆ వరండాలో నా పక్క కుర్చీలో తఖత్‌పూర్ నుంచి వచ్చే ఒకామె కూర్చునేది. అంగన్‌వాడీలో పని. ఆమె కూతురే మా జట్టు ఫ్లయర్, పన్నెండేళ్ల సన్నటి పిల్ల. రోజూ బస్సులో రావడం, బస్సులో పోవడం. ఆ పిల్ల బరువు పెరుగుతుందేమోనని తల్లికి భయం. టిఫిన్ డబ్బాలో సగం చపాతీ ఉండేది. ఒకసారి నేను ఇడ్లీ ఇవ్వబోతే, "వద్దు దీదీ, మా నోనీ పైకి ఎగరాలి" అంది. అక్కడివాళ్లు ఆడపిల్లని ముద్దుగా నోనీ అంటారు. ఇడ్లీ తిరిగి నా డబ్బాలో పెట్టేసుకున్నాను. ఆ రోజు ఒక మాట అనాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో ఏడు మా జట్టు నాగపూర్‌లో జరిగే పెద్ద పోటీకి పేరిచ్చింది. దేశంలోని మేటి జట్లన్నీ వస్తాయని కోచ్ చెప్పింది. అది నడిపేది ప్రభుత్వమూ కాదు, క్రీడా సంఘమూ కాదు. ఒక ప్రైవేటు కంపెనీ. నియమాలు పుస్తకమంత ఉన్నాయి. వాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలి, బయట దిగితే జట్టుకి ప్రవేశం లేదు. దుస్తులు వాళ్లు చెప్పిన దుకాణంలోనే కొనాలి. తల్లులు కూడా టికెట్ కొనుక్కునే లోపలికి రావాలి. నా జన్మలో నా పిల్ల ఆట చూడటానికి టికెట్ కొంటాననుకోలేదు. మేం వాలీబాల్ ఆడే రోజుల్లో ఒక వల, ఒక బంతి, ఒక ఈల. చూసేవాళ్లు ఉంటే ఉన్నారు, లేకపోతే లేదు.

పొద్దుటి బండిలో బయల్దేరాం. పద్దెనిమిది మంది పిల్లలు, తొమ్మిదిమంది తల్లులు, కోచ్. రాజ్‌నాంద్‌గావ్ దాటాక జడలు మొదలుపెట్టాను. జుట్టంతా నడినెత్తికి లాగి, బిగించి, దాని మీద మెరుపుల రిబ్బన్ పువ్వు పిన్నుతో గుచ్చాలి. బండి ఊగుతుంటే ఒక్కో పిల్ల నా మోకాళ్ల మధ్య కూర్చుని, లేచిపోతోంది. గోందియా వచ్చేసరికి నా వేళ్లు మొద్దుబారిపోయాయి. ఎదుటి బెర్తు మీది ముసలాయన చాలాసేపు చూసి, "పెళ్లికా?" అని హిందీలో అడిగాడు. ఆటకని చెప్పాను. ఏ ఆట అని అడగలేదు. అడగనందుకు సంతోషించాను.

మర్నాడు మధ్యాహ్నం పోటీ. ఇండోర్ స్టేడియం గుమ్మం దాటగానే అంగళ్లు. రిబ్బన్లు, చొక్కాలు, పోటీ పేరు అచ్చేసిన సంచులు, మీ పిల్ల గాల్లో ఉన్న ఫొటో, మీ పిల్ల ఆడిన వీడియో. లోపల రంగు దీపాలు, పొగ, గుండెల మీద గుద్దినట్టుండే సంగీతం. ఒక జట్టు దిగుతుంటే ఇంకో జట్టు ఎక్కుతోంది. వయసు వారీగా, స్థాయి వారీగా, జట్టు సైజు వారీగా ఎన్నో విభాగాలు. కాగితం తీసి చూస్తే మా విభాగంలో ఉన్నవి నాలుగే జట్లు. అంతమంది ఏడుస్తూ, కౌగిలించుకుంటూ కప్పులతో ఎందుకు తిరుగుతున్నారో అప్పుడర్థమైంది. ఇక్కడ గెలవకుండా ఇంటికి పోవడమే కష్టం.

అదంతా చూసి నాకు నీరసం వచ్చింది. కోపం కూడా కాదు. రెండేళ్ల సాయంత్రాలు ఇందుకా అనిపించింది.

అప్పుడు మా జట్టు వచ్చింది.

సంగీతం మొదలైంది. వరండాలో కొన్ని వేలసార్లు విన్న ఆ పాటే. కానీ నేను లోపలికెళ్లి ఎప్పుడూ పూర్తిగా చూసిందే లేదు. పద్దెనిమిది మంది పిల్లలు ఒక్కసారి ఊపిరి తీసుకోవడం పై వరసలోంచి కూడా కనిపించింది. పల్టీలు సరిగ్గా పడ్డాయి. తఖత్‌పూర్ పిల్లని గాల్లోకి విసిరారు, దీపాల దాకా వెళ్లినట్టు వెళ్లి, గుండ్రంగా తిరిగి, చేతుల్లో పడింది. జనం అరిచారు. పక్కన ఉన్న ఆ పిల్ల తల్లి నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగబడ్డాయి.

చివర్లో గోపురం. ఆ పిల్ల అందరికన్నా పైన, ఒంటికాలి మీద నిలబడాలి. నిలబడింది. ఒక క్షణం. తర్వాత ఆ కాలు వణకడం, పాదం జారడం చూశాను. ముందుకి కాదు, వెనక్కి, ఎవరూ లేని వైపుకి పడుతోంది.

మా అమ్మాయి ఎలా కదిలిందో నాకు తెలియదు. తన స్థానం అటు కాదు. రెండడుగులు వేసి కిందికి దూరింది. ఆ పిల్ల దీని ఛాతీ మీద పడింది, మోచెయ్యి దీని మూతికి తగిలింది. ఇద్దరూ నేలకి తగల్లేదు. దీని మోకాళ్లు వంగాయి, మళ్లీ లేచాయి. చేతుల్లో ఉన్న పిల్లని నిలబెట్టి, చెవిలో ఏదో చెప్పి, పాదం కింద అరచేతులు పెట్టి మళ్లీ ఎత్తింది. సంగీతం ఆగే లోపు ఆ పిల్ల పైన ఉంది, చేతులు చాచి.

ఈ ఆటలో చివరిదాకా నవ్వుతూ ఉండాలి. నవ్వుకి కూడా మార్కులుంటాయి. మా అమ్మాయి మూతి మూసుకుని నవ్వుతోంది. ఎందుకో కిందికి వెళ్లాక తెలిసింది. పెదవి లోపల చిట్లింది. నోటినిండా రక్తం. కనిపిస్తే ఆట ఆపేస్తారని మింగేసిందట.

నా ఆటలో నేను చాలా బంతులు నేలకి పడకుండా ఆపాను. మనిషిని ఎప్పుడూ పట్టలేదు.

తఖత్‌పూర్ ఆమె మెట్లు ఎలా దిగిందో, తన కూతురి దగ్గరికి కాకుండా ముందు నా కూతురి దగ్గరికి వెళ్లింది. దాని రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. మా పిల్ల సిగ్గుపడి, నోట్లో గుడ్డ పెట్టుకునే, "ఆంటీ, మేరా తో కామ్ హీ యహీ హై" అంది. నా పనే అది కదా, అని.

పడినందుకు మార్కులు పోయాయి. నాలుగింటిలో మూడో స్థానం. అయినా బహుమతుల తర్వాత కోచ్ చేతికి ఒక బంగారు రంగు కవరు ఇచ్చారు. విదేశంలో జరిగే పోటీకి మా జట్టు ఎంపికైందట. ఖర్చులు మావే. కోచ్ ఏడ్చేసింది, పిల్లలు గెంతారు. ఆమె మోసగత్తె కాదు. ఆ కవరు నిజమని నమ్మింది.

చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. కుళాయి దగ్గర వరసలో నా ముందున్న తల్లి చంకలో అదే కవరు. నాలుగో స్థానంలో వచ్చిన జట్టు. ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసి సంతోషంగా నవ్వింది. నేనూ నవ్వాను.

తిరుగు బండిలో, దుర్గ్ దాటాక, తఖత్‌పూర్ ఆమె నా పక్కకు వచ్చి కూర్చుంది. ఊళ్లో తన వాటాకి వచ్చిన పొలం ఉందని, అమ్మడానికి భర్తని ఎలాగైనా ఒప్పిస్తానని మెల్లగా చెప్పింది. చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. "ఆ కవరు అందరికీ ఇచ్చారు" అన్నాను. "చివర వచ్చినవాళ్లకి కూడా. నేను చూశాను. పొలం జోలికి పోకు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. అటే చూస్తూ అంది, "అమ్ముకునేవాళ్లేనని నాకూ అనుమానం వచ్చింది దీదీ. కానీ మైకులో మా నోనీ పేరు పిలిచారు. మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరి పేరూ మైకులో వినపడలేదు."

ఆ కంపెనీవాళ్లు ఏం అమ్ముతున్నారో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

మా అమ్మాయి పై బెర్తు మీంచి అంతా విందట. మా ఊరి చివరి స్టేషన్ ఉస్లాపూర్ వచ్చి సామాన్లు దించుతుంటే అడిగింది, "అమ్మా, నువ్వు ఆంటీకి ఎందుకు చెప్పావ్?"

"నీకూ వెళ్లాలనుందా?"

"వాళ్లు అందరికీ ఇస్తారు, మాలూమ్ హై. నాకు వెళ్లాలని కాదు. చెప్పే పద్ధతి ఉంటది కదా. ఆంటీ రోజంతా ఖుష్‌గా ఉండేది."

పదహారేళ్ల పిల్ల చెప్పింది. ఒకరోజు ఆగి చెప్పి ఉండొచ్చు. అలసిపోయిన మనిషి నిజం కూడా అలసటగానే చెబుతుంది.

వారం తర్వాత మండపంలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మేం వెళ్లలేమని నేను లేచి చెప్పాను. కవర్ల సంగతి కూడా చెప్పాను. కోచ్ ముఖం పాలిపోయింది. లోపలికెళ్లి మ్యాట్లు చుట్టడం మొదలుపెట్టింది. మరో ముగ్గురు మాట్లాడారు, తర్వాత అందరూ మాట్లాడారు. ప్రయాణం ఆగిపోయింది. డబ్బున్న ఏడు కుటుంబాలు పిల్లల్ని రాయ్‌పూర్‌లో ఇంకో జట్టుకి మార్చుకున్నాయి. మా దగ్గర పదకొండు మంది మిగిలారు. కోచ్ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెలంతా నేను ఎప్పటిలాగే వెళ్లి ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాను. ఒకరోజు ఆమె బయటికొచ్చి పక్క కుర్చీలో కూలబడి, "నాకు తెలిసుండాల్సింది" అంది. "నాకు మాత్రం ముందు తెలుసా" అన్నాను. అంతకు మించి ఆ విషయం మేం ఎత్తలేదు.

ఈ మధ్యలో తఖత్‌పూర్ పిల్ల ఎదిగింది. ఆరునెలల్లో తల్లి భుజం దాటింది. ఫ్లయర్‌గా ఇక పనికిరాదని కోచ్ చెప్పిన రోజు తల్లి ఏడ్చింది. పిల్ల మాత్రం ఆ రోజే నా డబ్బాలోంచి నాలుగు ఇడ్లీలు తిని, చట్నీ ఇంకా ఉందా అని అడిగింది. ఇప్పుడు మా అమ్మాయి పక్కన బేస్‌గా నిలబడుతోంది. పైకి ఎక్కడానికి కోటా అనే పక్క ఊరి నుంచి ఒక చిన్న పిల్ల కొత్తగా వస్తోంది. దాని చీలమండలు ఎలా పట్టుకోవాలో మా అమ్మాయి రోజూ తఖత్‌పూర్ పిల్లకి చూపిస్తుంది. మా అమ్మాయికి వచ్చే ఏడు పన్నెండో తరగతి పరీక్షలు. ఆ తర్వాత ఏం చేస్తుందో తనకీ తెలియదు, నాకూ తెలియదు.

మొన్న కోచ్ మరో దరఖాస్తు ఇచ్చింది. భువనేశ్వర్‌లో పోటీ. కంపెనీ వేరేది, నియమాలు మాత్రం అవే. హోటల్ వాళ్లు చెప్పిందే. నేను సంతకం పెట్టి, మర్నాడు మా ఆఫీసర్ ముందు సెలవు చీటీ పెట్టాను. ఆయన చూసి, "ఇంకా ఎన్నాళ్లండీ?" అన్నారు. విసుగ్గా కాదు, జాలిగా అడిగారు.

సాయంత్రం చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుండిపోయాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"మళ్లీ ఎల్తావేటి?"

"ఎల్తాను."

"గుంటలందరికీ నువ్వే జడలెయ్యాలేటి?"

"పన్నెండు మందే కదమ్మా."

అమ్మ కిందకి వంగి నా చెప్పులు తను విప్పబోయింది. నేనే తీసేసుకున్నాను.