జీడిగింజ

ఇన్నాసికి కుదురన్నది పుట్టుకతోనే లేదు. విశాఖపట్నం కాలేజీలో ఎఫ్.ఏ. చదువుతున్నా, జపమాల తిప్పుతున్నంతసేపూ కాలు ఆడుతూనే ఉంటుంది. నడుస్తుంటే చేతికందిన ఆకో కాయో తుంచి నోట్లో వేసుకోవాల్సిందే. ఈస్టరుకని పలాసలో రైలు దిగి ఉద్దానంలోని ఇంటికొచ్చాడు. ఫాదరు చేసే పూజకు లాటిన్లో జవాబులు చెప్పగలిగేది ఆ ఊళ్లో అతనొక్కడే. పొద్దున్నే ఆ జవాబులు వల్లె వేసుకుంటూ, జీడితోటలోంచి గుడికి పరుగులాంటి నడక నడుస్తూ, ఒక పండు కోసి తినేశాడు. పరగడుపున ఉంటేనే సత్ప్రసాదం తీసుకోవాలన్న సంగతి, గింజ చేతిలో మిగిలాక గుర్తొచ్చింది.

పూజలో ఫాదరు సత్ప్రసాదపు అప్పం పట్టుకుని మొదట అతని దగ్గరికే వచ్చాడు. ఇన్నాసి తల అడ్డంగా ఊపాడు. వెనక మోకరించిన ఊరంతా చూసింది.

పూజ అవగానే తల్లి రెక్క పట్టుకుంది. "సత్ప్రసాదం ఒగ్గీసినావు! పట్నంలో ఏటి పాపం సేసినావురా?"

ఇన్నాసి గుప్పిట విప్పాడు. "తోటలో పండు తినీసినానమ్మా. సెయ్యి ఊరుకోనేదు."

ఆమె గింజను కొంగున ముడేసుకుంది. గుడి ముందు గుసగుసలాడుతున్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ముడి విప్పి చూపించింది.