గాలికి ఎదురు నిలిచిన బొమ్మ

మా బాల్కనీ కిందే గడియారస్తంభం కూడలి. రిటైరయ్యాక పెన్షన్‌తో చవగ్గా బతకొచ్చని ఈ పరాయి దేశంలో ఇల్లు తీసుకున్న ముసలివాళ్ళందరం పొద్దుటే అక్కడ ఒక బెంచీ ఆక్రమించుకుంటాం. పనీపాటా లేనివాళ్ళకి ఎదుటివాళ్ళ పని చూడటమే పని.

మేం ఎక్కువగా చూసేది బొమ్మాయన్ని. ఒంటినిండా వెండిరంగు పూసుకుని, గడియారం కింద పీటెక్కి, చెయ్యి చాచి విగ్రహంలా కదలకుండా నిలబడతాడు. చూసినవాళ్ళు చిల్లర వేసి పోతారు. ఇదివరకు పెద్ద హోటల్లో తలుపు తీసే ఉద్యోగమట. తలుపులు వాటంతటవే తెరుచుకోవడం నేర్చుకున్నాక ఈయన్ని ఇంటికి పొమ్మన్నారు.

"నిలబడటం ఒక్కటే నాకొచ్చిన విద్య, అక్కా. దాన్నే వీధిలోకి తెచ్చుకున్నా" అన్నాడు నాతో ఒకసారి. వాళ్ళ భాషలో ఏ మాటన్నాడో గానీ నా చెవికి 'అక్క' అనే వినపడింది. కిటుకులూ చెప్పాడు. రంగుకి ముందు నూనె పట్టించాలి, లేకపోతే సాయంత్రం రంగుతోపాటు తోలూ వస్తుంది. మోకాళ్ళు బిగిస్తే కళ్ళు తిరుగుతాయి. ఊపిరి పొట్టతో తీసుకోవాలి, భుజాలకి తెలియకూడదు.

పక్కనే ఆయన భార్య పల్లీలు వేయించి అమ్ముతుంది. బొమ్మని చూడ్డానికి ఆగినవాళ్ళే ఆవిడ దగ్గర కొంటారు కాబట్టి ఇద్దరి పొట్టా ఆ చోటు మీదే. కూడలిలో ఆడేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది: గడియారం కింద చోటు కదలని బొమ్మది. బొమ్మ కదిలితే చోటు పోయినట్టే. బంతులు ఎగరేసే ఆటగాడు దానిమీద ఎప్పుడో కన్నేశాడు.

మా బెంచీకి ఇంకో ఆట. బొమ్మాయన కదులుతుంటే పట్టుకున్నవాళ్ళకి మిగతావాళ్ళు టీ ఇప్పించాలి. ఒక్కరూ గెలవలేదు. ముక్కుమీద ఈగ వాలినా ఉలకడు పలకడు, మహానుభావుడు!

ఆ పందెంలో మా ఆయన మాత్రం చేరరు. ఆయన డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. స్కేలు లేకుండా గీత గీస్తే స్కేలే సిగ్గుపడేది. ఇప్పుడు కుడిచెయ్యి వణుకుతుంది. దాన్ని జేబులో దాచుకుని తిరుగుతారు. నలుగురిలో టీ ఇవ్వబోతే "నాకు పడదండీ" అంటారు. ఇంట్లో పూటకో గ్లాసు ఎలా పడుతోందో మరి! నేనడగను. అడిగితే ఆ పూటంతా మౌనవ్రతం.

ఒకనాడు బెంచీ మీంచి బ్యాంకు మేనేజరుగారు ఎగిరి గంతేశారు. "కదిలింది! వేళ్ళు కదిలాయి! టీ నాకే!"

అందరం చూశాం. నిజమే, చాచిన వెండి వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. పల్లీలావిడ గరిటె ఆగిపోయింది. ఆటగాడు బంతులు సంచిలో వేసుకుని వచ్చి నిలబడ్డాడు.

"అందరూ చూశారుగా. సోమవారం నుంచి ఈ చోటు నాది."

"అయ్యో, సరదాకన్నానండీ" అని మేనేజరుగారు నీళ్ళు నమిలారు. సరదాట, సరదా! పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం బొమ్మాయన కుళాయి దగ్గర రంగు కడుక్కుంటుంటే మా ఆయన లేచి వెళ్ళారు. వెనకే నేను.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నారు.

"ఏదండీ?"

మా ఆయన జేబులోంచి చెయ్యి తీసి అతని ముందు పెట్టారు. రెండు చేతులూ ఎదురెదురుగా వణికాయి.

"చలికాలం ముందునుంచి" అన్నాడు బొమ్మాయన. "ఆపుదామని చూస్తే ఇంకా ఎక్కువవుతోంది, అన్నా."

"నాకూ అంతే. అందుకే ఆపొద్దు."

పల్లీలావిడ దగ్గర ఓ కాగితం అడిగి తీసుకుని దానిమీద గీశారు. వెనక్కి ఎగిరిపోతున్న కోటు, అది అలాగే నిలవడానికి అంచుల్లో ఇనపతీగ. భుజం మీంచి లేచిపోతున్న టై, అందులోనూ తీగ. వణికే చేతిలో తిరగబడిన గొడుగు. అంత వంకరటింకర బొమ్మ ఆయన చేతిమీదుగా నేనెప్పుడూ చూడలేదు. తుడిచి మళ్ళీ గీయలేదు కూడా.

ఆదివారమంతా మా ఇంట్లోనే తీగలు వంచారు. ముక్కలు కాళ్ళకి గుచ్చుకుంటే ఇద్దర్నీ నేను తిట్టని తిట్టు లేదు. ఇద్దరూ నవ్వుకున్నారే గానీ ఊడ్చిన పాపాన పోలేదు.

సోమవారం పీట మీద, తుఫానుకి ఎదురు నడవబోయి ఆగిపోయిన వెండి మనిషి కనిపించాడు. కోటు ఎగురుతోంది. గొడుగు గజగజలాడుతోంది. ఎదురుగా ఓ చిన్నపిల్ల తన టోపీ రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"చెయ్యి కదుల్తోంది, చూడండి!" అన్నాడు ఆటగాడు.

పల్లీలావిడ గరిటెతో మూకుడు మీద టంగుమని కొట్టింది. "కదిలేది ఆయన కాదు నాయనా, గాలి!"

జనం గొల్లుమన్నారు. ఆటగాడు కాసేపు గొడుగు వంక చూశాడు. వాడికీ నవ్వొచ్చింది. బంతులు తీసుకుని తన పాత మూలకి వెళ్ళిపోయాడు.

మేనేజరుగారు ప్రాయశ్చిత్తంగా బెంచీకంతా టీలు తెచ్చారు. మా ఆయన పడదనబోయి ఆగారు. జేబులోంచి కుడిచెయ్యి తీసి కప్పు అందుకున్నారు. సగం నా ఒళ్ళో పడింది. నేను నోరు తెరిచేలోపే, "గాలి ఎక్కువగా ఉందే ఇవాళ" అన్నారు.

కూడలిలో ఆకు కూడా కదలడం లేదు.

"అవునండీ, మరీ ఎక్కువగా ఉంది" అన్నాను.