పెద్దమ్మకు వాగు చూపించిన రోజు

మాకు తుఫాను జాగ్రత్తలు నేర్పడానికి వచ్చిన అధికారి పంచిన కాగితంలో మొదటి మాట, సముద్రంలోకి వేటకు వెళ్ళరాదని. సముద్రానికి ఎంతో దూరాన, పెద్దారవీడు దగ్గర, తాగే నీళ్ళు ట్యాంకరులో వచ్చే ఊరు మాది. నవ్వుకుని, ఆ కాగితాన్నే బడి గోడకు అంటించాం.

నడవలేని వాళ్ళను ఒక్కొక్కరిని ఇద్దరిద్దరికి అప్పగించారు. నాకూ తమ్ముడికీ మా పెద్దమ్మ వచ్చింది. జీవితమంతా కూలికి పోయి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. మైకులో చెప్పగానే ఆమెను మిట్ట మీది బడికి చేర్చాలి, అంతే మా పని. రిహార్సల్ రోజున ప్లాస్టిక్ కుర్చీలో మోసుకుపోతుంటే పెద్దమ్మ పడీపడీ నవ్వింది. అధికారి ఫోటో తీసుకున్నాడు.

మరుసటి ఏడు నిజంగానే తుఫాను పట్టింది. మూడోరోజు పొద్దున మైకు మోగింది.

"వాగు వస్తాంది! అందరూ బడికి పోండి!"

ఊరంతా వాగు దగ్గరికే పరిగెత్తింది. ఏళ్ళ తరబడి ఇసుక తప్ప ఏమీ లేని వాగు. అది రావడం మాకు శుభవార్త. కొందరు పసుపు కుంకుమలతో, మా పాలెం వాళ్ళు ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటూ పోయారు. కాగితం రాసినవాళ్ళకు మా సంగతి తెలియదు. తెలిసిన మేమూ చెప్పలేదు.

కుర్చీ తీసుకుని పెద్దమ్మ దగ్గరికి పోయాం.

"వాగును చూసి ఎన్నేండ్లాయెనో నాయనా! ఒక్కపారి చూపిచ్చి, ఆనక బడికి తీసకపోండి."

వద్దనలేదు నేను. నాకూ చూడాలనే ఉంది.

పలక గనుల తుక్కు పోసి కట్టిన గట్టు మీద కుర్చీ దించాం. ఎర్రనీళ్ళను చూసి ఆమె చేతులు జోడించింది. కాళ్ళ కింద తుక్కు జారింది. తమ్ముడూ నేనూ పక్కకు దూకాం. ఆమె దూకలేకపోయింది.

సాయంత్రానికి దిగువన కంపచెట్లలో ఆమె శవం దొరికింది. హెచ్చరికను పెడచెవిన పెట్టి వాగు వద్దకు వెళ్ళిన వృద్ధురాలని రిపోర్టులో రాశారు. నడవలేని మనిషి ఎట్లా వెళ్ళిందని ఎవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. భయమేసింది. ఆ భయాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఈ ఏడు మార్కాపురంలో చాలా ఊళ్ళవాళ్ళకు మళ్ళీ శిక్షణ పెట్టారు. నడవలేని వాళ్ళను ఎలా కాపాడాలో చూడండంటూ తెర మీద ఫోటో వేశారు. కుర్చీలో మా పెద్దమ్మ నవ్వుతోంది. మోస్తున్నది నేను.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.