తిరుగుదారికి డీజిలు మిగిల్చిన మా బావ

మా బావ మునిరత్నం దివంగతుడైన వార్త నాకు చిత్తూరు కూరగాయల మార్కెట్టులో, చేతిలో సంచీతో ఉండగా అందింది. ఫోనులో మా అక్క రాజేశ్వరి గొంతు. "అబ్బోడా, మీ బావ షెడ్డులో కూలబడినాడు. ఆస్పత్రికి ఎత్తకపోయేలోపలే అయిపోయినాది" అంది. గుండె ఆగిందట. ముందురోజు సాయంత్రమే ఫోను చేసి, జీపుకు కొత్త టైర్లు వేయించానని గొప్పలు పోయిన మనిషి! మాట చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు. ఏరిన వంకాయలు బుట్టలోనే వదిలేసి బస్సెక్కాను. బావ ఊరు రేణిగుంట చేరేదాకా మనసులో ఆయనతో పోట్లాడుతూనే ఉన్నాను, అంత తొందరేమొచ్చిందని.

ఆయన్ను ఎరగనివారికి రెండు మాటలు. కొండదారుల్లోనూ ఏటి ఇసుకలోనూ తిరిగే జీపులకు మా ప్రాంతంలో ఆయనే ధన్వంతరి. నేను పదవీవిరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. నన్నాయన ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "అయివారూ" అనేవాడు. మా వైపు ఉపాధ్యాయుణ్ణి పిలిచే గౌరవవాచకమే అది. కానీ ఆయన నోట అందులో సగం వెక్కిరింతే. కోపం ముక్కు మీద ఉండేది. బండివాడు తొందరపెడితే పానా కింద పడేసి "నువ్వే బిగించుకో పోప్పా" అని లేచిపోయేవాడు. కాసేపటికి తనే వాడికి టీ తెప్పించేవాడు. ఈ స్వభావాన్ని మా అక్క జీవితాంతం సహించింది. నేను సహించినట్టు నటించాను.

అక్కకు ఒక్కటే కోరిక, హిమాలయాల్లో ముక్తినాథుణ్ణి దర్శించుకోవాలని. కానీ ఆమెది ఉబ్బసపు శరీరం. చలిగాలి తగిలితే ఊపిరి అందదు. అక్కడి దారిలో కొండచరియలు విరిగిపడితే గంటల తరబడి బండి ఆపుకొని కూర్చోవాలని, ఇంజిను ఆపితే లోపల గడ్డకట్టుకుపోతామని వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. బంధువులందరం వద్దన్నాం. బావ ఒక్కడే "పోతాం" అన్నాడు. ఇంజినుతో పని లేకుండా, సొంత పంపుతో ట్యాంకులోని డీజిలును కొద్దికొద్దిగా తీసుకొని మండి వేడినిచ్చే చిన్న హీటరు ఒకటి తన జీపుకు తెప్పించాడు.

దానికి డీజిలు అందించే ఏర్పాటులోనే మా బావ మొత్తం ఉన్నాడని ఇప్పుడనిపిస్తుంది. పక్క షెడ్డు మెకానిక్కు వచ్చి, ఇంజినుకు పోయే పైపు నుంచే ఒక పాయ తీస్తే పని సులువన్నాడు. బావ గయ్యిమన్నాడు. "ఇంజిను నోటికాడి కూడు లాగి సలి కాచుకుంటామా?" అని ట్యాంకునే కిందికి దించాడు. దాని నెత్తిన చిల్లి వేసి, హీటరు కోసం వేరే సన్న గొట్టం లోపలికి దింపాడు. సైలెన్సరు వేడి తగలకుండా పైపును రెండోవైపు నుంచి నడిపించాడు. పక్కన కూర్చున్న నాకు తప్పు పట్టే అవకాశం దొరికింది.

"కొలత తప్పినట్టుండాదే బావా, గొట్టం అడుగుదాకా పోలేదు" అన్నాను.

"తప్పలేదు అయివారూ. కావాలనే కురచగా కోసినా. డీజిలు గొట్టం కొన కిందికి దిగినాదంటే హీటరు దానంతట అదే ఆగిపోతాది. ఆ కింద ఉండేదంతా ఇంజినుది. సలి కాచుకుంటా కూసుంటే సాలునా? మీయక్క మళ్లా ఇంటికి రావల్ల గదా."

ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడను కూడా లేదు. పని మీదే ఉన్నాడు.

ఇక పరీక్ష. తిరుపతి ఎండ సంగతి చెప్పాలా? మిట్టమధ్యాహ్నం జీపు అద్దాలెత్తి, హీటరు వేసుకొని లోపల కూర్చున్నాడు. చొక్కా పిండితే నీళ్లు కారేట్టు బయటికొచ్చి "వేడొస్తాంది అయివారూ!" అని కేక పెట్టాడు. "ఈ ఊళ్లో వేడి రావడానికి హీటరెందుకు బావా" అన్నాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

చలికాలంలో అక్కను ఎక్కించుకొని తెల్లవారుతుండగా హార్సిలీ కొండకు బయల్దేరాం. నిటారు ఎక్కుడు మొదలవగానే హీటరు దగ్గి దగ్గి ఆగిపోయింది. చలి కమ్ముకుంది. అక్కకు పిల్లికూతలు మొదలయ్యాయి. ట్యాంకులో సగానికి పైగా డీజిలుంది. అయినా గొట్టానికి అందలేదు. ఎందుకంటే గొట్టం ట్యాంకు ముందు అంచున ఉంది. బండి ముక్కు పైకెత్తితే డీజిలంతా వెనక్కి పోయింది. రోజూ తిరుమల ఘాటెక్కే బస్సులకు ఎదురుగా బతికిన మనిషి వాలు సంగతే మరిచాడు! ఆయన తన స్వెట్టరు విప్పి అక్క భుజాల మీద కప్పి, బండి తిప్పాడు.

"తప్పు నాదే రాజీ. సదరంగుండే నేల మీద సూసి, కొండకు తెచ్చినా నిన్ను" అన్నాడు.

ఆయన తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. మర్నాడే ట్యాంకు మళ్లీ దించాడు. పాత చిల్లి మూసి, గొట్టాన్ని నట్టనడుమకు మార్చాడు, అంతే కురచగా. మళ్లీ అదే కొండకు తీసుకెళ్లాడు. ఈసారి సగం దారిలోనే అక్క శాలువా తీసేసి "ఉడకబోస్తాంది, తగ్గించు" అంది. బావ ఆనాడు నవ్వినట్టు ఎన్నడూ నవ్వలేదు. యాత్రకు ముహూర్తం పెట్టాడు. టైర్లు మార్పించాడు. ఆ మర్నాడే వెళ్లిపోయాడు.

కర్మకాండలు ముగిశాక జీపు అమ్మేయమని బంధువులు అన్నారు. "అమ్మేది లేదు" అంది అక్క. ఏటిసూతకం గనుక ఏడాదిపాటు గుడి మెట్లెక్కకూడదు. "సంవత్సరీకం కానీ. అబ్బోడా, నువ్వు తోలతావా?" అని నన్నడిగింది. తిరుమల మలుపులకే కళ్లు తిరిగేవాణ్ణి నేను. తోలతానన్నాను.

హీటరును నెలకొక తూరన్నా రాజెయ్యాలని, లేకుంటే లోపల మసి పట్టి మొరాయిస్తుందని బావ చెప్పేవాడు. అందుకే మొన్న ఆదివారం మధ్యాహ్నం, ఎండ మండుతుండగా, జీపులో కూర్చొని మీట నొక్కాను. పంపు టిక్కు టిక్కుమంది. వేడి మొదలైంది. అక్క ఇంట్లోంచి వచ్చి, తన చోట కూర్చొని తలుపు వేసుకుంది. ఆ ఉక్కలో ఇద్దరికీ చెమటలు కారసాగాయి.

"డీజిలు అయిపోతాదేమో, ఆపు అబ్బోడా."

"అయిపోదక్కా. బావ గొట్టం కురచగా కోసినాడు."

అక్క మొహం తుడుచుకుంది. "నేను ఇల్లు చేరేదానికి మిగిల్చినాడు. తనకే ఏం మిగిల్చుకోలేదు" అంది.

జీపులు బాగుచేసేవాళ్లు ఇంకా వస్తారు. తిరుగుదారిని ముందే తలచుకొని గొట్టం కోసేవాడు మాకు మళ్లీ దొరకడు. నాకు తెలిసిన సంస్కృతమంతా పోగేసినా ఆయనకు చాలిన నివాళి కూర్చలేకపోతున్నాను. కనుక బావా, ఇదొక్కటే నా మాట. నెలనెలా హీటరు రాజేస్తాను. ఏడాది తిరగ్గానే అక్కను తీసుకెళ్తాను. మళ్లీ ఇంటికి తీసుకొస్తాను.