శారోన్ చెప్పింది చెప్పినట్టు

మా మేనకోడలు శారోన్‌కి పదో తరగతిలో ఐదు వందల పన్నెండు మార్కులు వచ్చాయి. ఈ మాట ఎవరైనా నా ముందు సంతోషంగా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కుట్టుమిషను ఆపి, జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినావిడ అని కూడా చూడకుండా నాలుగు మాటలు అనేస్తాను. మేనత్తకి కుళ్లు అని ఊళ్లో పేరు పడింది. పడనీ.

శారోన్ మా అన్నయ్య ఏలీయా కూతురు. మాది రాజోలు పక్కన ఊరు. అన్నయ్య రొయ్యల చెరువుల మీద మేత వేసే పనికి వెళ్తాడు. వదిన కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. అందుకని పిల్ల నా చేతుల్లోనే పెరిగింది. పుట్టగానే ఏడవలేదట. ఆ కాసేపట్లోనే జరగాల్సిన నష్టం జరిగిపోయిందని డాక్టర్లు తరవాత చెప్పారు. చేతులు మాట వినవు, మెడ నిలవదు, నడక లేదు. మాట ముద్దముద్దగా సాగుతూ వస్తుంది. బుర్రకి మాత్రం ఏమీ కాలేదు. ఆ ఒక్క ముక్క ఊరికి ఎక్కించడానికి ఇన్నేళ్లుగా నోరు నొప్పి పుట్టేలా చెబుతున్నాను, ఇంకా సగం మందికి ఎక్కలేదు. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లని చూసి, "పాపం, ఆకలేస్తోందేమో" అని నన్ను అడుగుతారు. దాన్ని అడగరు. అదేమైనా తక్కువదా? అలా జాలిపడిన వాళ్లు దగ్గరికి వంగగానే కావాలని చొంగ కార్చి, వాళ్లు అటు వెళ్లగానే నన్ను చూసి నవ్వేది.

అలాంటి పిల్లని మొదటిసారి, "నీకేం కావాలమ్మా?" అని దాన్నే అడిగి, జవాబు వచ్చేదాకా ఆగిన మనిషి మెర్సీ టీచర్. ఇలాంటి పిల్లల కోసం మండలంలో ఒక సెంటర్ ఉంది. ఆవిడ అందులో టీచర్. సెంటర్‌కి రాలేని పిల్లల ఇళ్లకి శనివారం పూట తనే స్కూటీ మీద వెళ్తుంది. మా ఇంటికి వచ్చేనాటికి శారోన్‌కి తొమ్మిదేళ్లు. చెంచా పట్టడం నేర్పింది ఆవిడే. అక్షరాలు దిద్దించలేదు, దిద్దే వేళ్లు కావు అవి. చూపించి చదివించింది. హైస్కూల్లో ఈ పిల్లని ఎవరు చూసుకుంటారని హెడ్మాస్టర్ మాణిక్యాలరావు గారు వెనకాడితే, ఆయన గదిలో కూర్చుని పోట్లాడి మరీ చేర్పించింది. స్కూటీ చప్పుడు వినపడగానే శారోన్ కుర్చీలో పైకి లేవబోయేది. క్రిస్మస్‌కి కొత్త గౌను కుడితే ముందు నాకు కాదు, ఆవిడకి చూపించాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ముక్కూమొహం తెలియని మనిషి చేసి ఉంటే నాకు ఇంత మండేది కాదు.

ఇంకో మనిషి గాయత్రి. మా ఇంటికి రెండిళ్ల అవతల పిల్ల, శారోన్ కంటే ఒక తరగతి కింద. ఇద్దరూ ఒకే ఆటోలో బడికి వెళ్లేవారు. ఆ ఆటోలోనే గాయత్రికి శారోన్ మాట పట్టుబడింది. నాకు మూడు మాటల్లో ఒకటి జారిపోతే, దానికి ఒక్కటీ జారదు. రోజూ సాయంత్రం మా అరుగు మీద శారోన్ జవాబు చెప్పడం, గాయత్రి రాయడం. వాళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. శారోన్ ఒంట్లో దాని మాట వినేది ఎడమ మడమ ఒక్కటే. కుర్చీకి కాలు పెట్టుకునే ఇనుప రేకు మీద మడమతో ఒక్కసారి తడితే వాక్యం అయిపోయినట్టు, రెండుసార్లు తడితే రాసింది కొట్టెయ్యమన్నట్టు. నేను లోపల మిషను తొక్కుతుంటే ఆ టక్కుటక్కులు వినపడేవి. గాయత్రి ఎక్కడైనా సొంత తెలివి చూపించబోతే రెండు దెబ్బలు పడేవి. గాయత్రి గొణుక్కుంటూ కొట్టేసేది.

పదో తరగతికి వచ్చాక మెర్సీ టీచర్ మా అరుగు మీద కూర్చుని, ఇలాంటి పిల్లలకి పరీక్షల్లో ఏమేం వెసులుబాట్లు ఉంటాయో చెప్పింది. ఒక భాష పేపరు రాయకుండా మినహాయింపు అడగొచ్చు. తక్కువ మార్కులకే పాస్ చేస్తారు. అదనంగా సమయం ఇస్తారు. చెబుతుంటే రాయడానికి కింది తరగతి పిల్లని ఇస్తారు. ఇవేవీ కాదంటే ఓపెన్ స్కూల్లో మెల్లిగా ఒక్కో సబ్జెక్టూ రాసుకోవచ్చు. అన్నయ్య చేతులు జోడించి, ఏది సులువైతే అది పెట్టెయ్యమన్నాడు. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

శారోన్ మాట పూర్తయ్యేదాకా అందరం ఆగాం. టైం కావాలి, రాసే మనిషి కావాలి, మిగతావి అక్కర్లేదు అంది. ఆ తరవాత అన్న మాట నాకు ఒక్క అక్షరం జారలేదు.

"నేను చెప్పింది రాయాలి. ఫెయిలైతే అవుతానండి."

మెర్సీ టీచర్ నవ్వి, దాని తల నిమిరి, "ఆయ్, అలాగేనమ్మా" అంది.

గాయత్రి అప్పుడు తొమ్మిదో తరగతి కాబట్టి రాయడానికి పనికొస్తుంది. మా అదృష్టం అనుకున్నాం. చలికాలమంతా అరుగు మీద పాత పేపర్లు రాయించి మెర్సీ టీచరే దిద్దింది. సోషల్‌లో, తెలుగులో మంచి మార్కులే వచ్చేవి. లెక్కల్లో ఒకసారి గట్టెక్కేది, ఒకసారి అంచు మీద ఆగేది. లెక్కల పేపరు దిద్దేటప్పుడు ఆవిడ మొహం నేను చూశాను. అప్పుడు అందులో నాకేమీ కనపడలేదు.

పరీక్షలు రేపనగా గాయత్రి రాలేదు. మెర్సీ టీచర్ వచ్చి, గాయత్రి ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదని, రాజోల్లో, పదో తరగతి పాఠాలు తొమ్మిదిలోనే చెప్పేసే ఒక ప్రైవేటు స్కూలు నుంచి వేరే అమ్మాయిని మాట్లాడానని చెప్పింది. చేతిరాత ముత్యాల్లా ఉంటుందట. నేను ఊరుకుంటానా, వీధిలోకి వెళ్లి గాయత్రి ఇంటి వైపు చూస్తూ నోటికొచ్చినట్టు తిట్టాను. గాయత్రి తలుపు చాటునుంచి చూసిందే తప్ప బయటికి రాలేదు.

మొదటి రోజు తెలుగు. పరీక్ష సెంటర్ గేటు బయట నేను, అన్నయ్య నిలబడ్డాం. బయటికి వచ్చేసరికి పిల్ల చెమటతో తడిసిపోయి ఉంది. ఏదైనా ప్రయాణం గురించి స్నేహితురాలికి లేఖ రాయమని వచ్చిందట. శారోన్ నాన్నతో పంటు పడవ మీద గోదావరి దాటిన రోజు గురించి చెప్పింది. కుర్చీని తాడుతో కట్టేస్తే, తాడు ఎక్కడ తెగుతుందోనని నాన్న దారంతా రెండు చేతులతో పట్టుకునే నిలబడ్డాడని చెప్పింది. రాయడానికి వచ్చిన ఆ అమ్మాయి ఒక్కసారి కూడా దీని మొహం వైపు చూడకుండా, హైదరాబాద్ వెళ్లి చార్మినార్ చూసొచ్చినట్టు రెండు పేజీలు రాసింది. మా శారోన్ చార్మినార్‌ని క్యాలెండర్ మీద తప్ప చూడలేదు. కాగితం ఎదురుగానే ఉంది కాబట్టి దీనికి ప్రతి అక్షరం కనపడుతోంది. కొట్టెయ్యమని మడమతో తడుతూనే ఉంది. ఆ అమ్మాయికి ఆ తట్టడం ఏమిటో తెలియదు. కాపలాకి ఉన్నాయన ఫిట్స్ అనుకుని మంచినీళ్లు తెచ్చాడట.

ఆ సాయంత్రం మెర్సీ టీచర్‌కి అంతా చెప్పాం. ఆవిడ, "ఆయ్, నేను మాట్లాడతానండి, కంగారు పడకండి" అంది. శారోన్ నమ్మింది. రెండో పేపరుకీ అదే జరిగింది. మూడో పేపరు నాడు పక్క గదిలో పిల్లలకి ఇబ్బందిగా ఉందని దాని మడమ కింద తువ్వాలు మడిచి పెట్టారు. నా పిల్ల నోరు ముందే దేవుడు మూసేశాడు, మిగిలిన ఒక్క మడమకీ వీళ్లు గుడ్డ కుక్కారు. ఆ మాట శారోన్ చెప్పినప్పుడు నేను గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. అది మాత్రం, టీచర్ గారికి కుదరలేదేమో, ఆ అమ్మాయే మొండిదేమో అంటూ నాకే సర్దిచెప్పింది.

రిజల్ట్స్ వచ్చిన రోజు అన్నయ్య చెరువు మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఐదు వందల పన్నెండు. బడిలో రెండో ర్యాంకు. మాణిక్యాలరావు గారు మూడు రోడ్ల దగ్గర ఫ్లెక్సీ కట్టించారు. వంద శాతం ఫలితాలు అని పైన, మధ్యలో శారోన్ కుర్చీ బొమ్మ. వదిన కువైట్ నుంచి వీడియోలో ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడింది. శారోన్ ఏదో అంటే, "ఏంటమ్మా, సంతోషంగా ఉందా?" అంది. అది అన్నది, అవి నావి కావు అని. ఓపెన్ స్కూల్లో మళ్లీ రాస్తానని కూడా అంది. అన్నయ్యకి ఆ మాట అర్థమై, మొహం ముడుచుకున్నాడు. ఇన్ని మార్కులు వచ్చిన పిల్ల మళ్లీ పరీక్ష రాస్తానంటే జనం నవ్వుతారన్నాడు. ఎవరు రాస్తేనేం, మార్కుల కాగితం మీద పేరు నీదే కదా అన్నాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల గురించి ఊళ్లో ఒక మంచి మాట వినలేదు, విన్నాక వదులుకోలేకపోయాడు.

రెండు రోజుల తరవాత గాయత్రి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను చీపురు తీశాను. అది కదల్లేదు.

"నేను మానలేదండి ఆంటీ. మెర్సీ టీచర్ గారే వద్దన్నేరండి. 'నువ్వు రాస్తే అది చెప్పిందే రాస్తావు. అలా రాస్తే లెక్కల్లో పోతుంది. పోతే ఆ పాపం నీదే' అన్నేరండి. మా ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పమన్నేరు."

నేను శారోన్ వైపు చూశాను. ఆ అమ్మాయిని ఏరి తెచ్చింది రాయడానికి కాదు, వినకుండా ఉండటానికి. హెడ్మాస్టర్ గారి వంద శాతం కోసమే అయితే నేను ఆయన గుమ్మం ముందు దుమ్మెత్తిపోసి ఊరుకునేదాన్ని. కానీ ఇందులో ఆయన ఊఁ అన్నాడంతే, ఉపాయం ఆవిడది. పిల్ల అడిగింది ఒకే ఒక్కటి. ఆ ఒక్కటే తీసేసి, అడగనివన్నీ ఒళ్లో పోసింది. శారోన్ కళ్లమ్మట నీళ్లు కారుతుంటే గాయత్రి తన చున్నీతో తుడిచింది. నేను చీపురు మూల పడేశాను.

బళ్లు తెరిచాక సన్మానసభ పెట్టారు. శారోన్ రానంటుందనుకున్నాను. వెళ్తాను, మాట్లాడతాను అంది. రాజీపడిపోయిందేమోనని నాకు దిగులు వేసింది. హాల్లో సర్పంచి గారు, పెద్దలు కుర్చీల్లో, పిల్లలు చాపల మీద. శాలువా కప్పారు. దండ పెద్దదై గడ్డానికి అడ్డం వస్తుంటే నేను పక్కకి సర్దాను. శారోన్ మాట్లాడిన దాన్ని మెర్సీ టీచర్ గారు తెలుగులో చెబుతారని మైకులో అన్నారు, మా పిల్ల మాట్లాడేది తెలుగు కానట్టు.

మెర్సీ టీచర్ మైకు దాని నోటి దగ్గర పెట్టింది. శారోన్ మెల్లిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. నాకు ఆ రోజు ఒక్కటి కూడా జారలేదు.

"ఈ మార్కులు నావి కావు. నేను చెప్పింది ఎవరూ రాయలేదు. మెర్సీ టీచర్ గారు నాకు చదువు చెప్పేరు. నాకు చదువొచ్చిందని ఆవిడే నమ్మలేదు."

మెర్సీ టీచర్ చెయ్యి కిందికి దిగిపోయింది. ఆవిడకి అర్థమైంది. శారోన్ మాట అందరికంటే ముందు నేర్చుకున్న మనిషి ఆవిడ. హెడ్మాస్టర్ గారి వైపు చూసింది, జనం వైపు చూసింది, మైకు తన నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"అందరికీ వందనాలు, నాకీ మార్కులు రావడానికి మా టీచర్లే కారణం అంటోందండి."

చప్పట్లు. అన్నయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆ చప్పట్ల కింద రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఎవరికీ వినపడలేదు. మళ్లీ రెండు. మళ్లీ రెండు.

చాపల మీద కూర్చున్న పిల్లల్లోంచి గాయత్రి లేచింది. "శారోనక్క చెప్పింది అది కాదండి" అంది. ఎవరో కూర్చోమన్నారు. కూర్చోలేదు. చప్పట్లు ఆగేదాకా ఆగి, శారోన్ అన్న నాలుగు మాటలూ అదే వరసలో, తన మాట ఒక్కటీ కలపకుండా చెప్పింది. నాలుగో మాట సగంలో ఎవరో అడ్డుపడితే మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

అన్నయ్య తల దించుకుని, చప్పట్లు కొట్టిన తన చేతుల వైపు చూసుకున్నాడు. మెర్సీ టీచర్ శారోన్ వైపు చూసి, దాని పేరు పిలవబోయింది.

శారోన్ ఆవిడ వైపు చూడలేదు. మడమతో ఒక్కసారి తట్టింది.