అక్కను అడిగిన ప్రశ్నలు

స్టేషన్లో వాళ్ళు ఆ ఇన్‌స్పెక్టరమ్మను చాటుగా 'రాయి మేడం' అనేవారు. ఆ పేరు ఆమె చెవినా పడింది. కోపం రాకపోగా లోలోపల మురిసిపోయింది. మొదటి శవాన్ని చూసి రెండు రోజులు ముద్ద మింగలేకపోయిన మనిషి, పంతొమ్మిదేళ్ళు హత్య కేసులు చూశాక, శవం పక్కనే నిలబడి టీ తాగి "చక్కెర తక్కువైందయ్యా" అనగలిగే స్థితికొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"మీ బావ లేవట్లేదే..." అంతే, ఆపైన ఏడుపు.

ఉన్నపళంగా పరుగెత్తింది. నాన్న పోయాక ఆమెను చదివించింది బావే. పోలీసు ఉద్యోగం వద్దని ఇల్లంతా గోల పెడుతుంటే, "దాని ఇష్టం, చేయనివ్వండి" అని అడ్డం నిలబడ్డదీ ఆయనే.

గుమ్మంలో అక్క చేతులు చాచి ఎదురొచ్చింది. చెల్లెలి కళ్ళు మాత్రం అక్కను దాటుకుని గదిలోకి వెళ్ళిపోయాయి. కిటికీ గడియ వేసే ఉంది. మందుల డబ్బా మూత తీసి ఉంది. వంగి బావ మెడ చూసింది, గోళ్ళు చూసింది.

"ఆఖరిసారి ఎన్నింటికి మాట్లాడాడు?"

"పడుకునే ముందు..."

"అదే, ఎన్నింటికి? మాత్రలు ఎవరిచ్చారు? మీ ఇద్దరికీ ఏమైనా గొడవైందా?"

అక్క ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అక్క కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది.

"నన్నేనా అడుగుతున్నావ్?" అంది అక్క. "నేనే చంపాను, రాసుకో."

అప్పటిగ్గానీ ఆమెకు తన గొంతు వినబడలేదు. నిందితుల ముందు వాడే గొంతు అది. తల కొట్టేసినట్టయింది. కాసేపటికి డాక్టరు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిందని చెప్పాడు. వరండాలో ఓ మూల నిలబడ్డ ఆమెను చూసి వచ్చినవాళ్ళు, పాపం, దుఃఖంతో బిగుసుకుపోయింది అనుకున్నారు. ఆమె కంట చుక్క నీరు రాలేదు. అది ఇంకో సిగ్గు.

మూడు వారాలు ముఖం చెల్లక అటువైపే పోలేదు. చివరికొక మధ్యాహ్నం వెళ్ళింది. అక్క బావ చొక్కాలు మడతపెడుతోంది. చెల్లెలు ఎదురుగా నేలమీద కూర్చుంది.

"తప్పయిందక్కా. బావని బావలా చూడలేకపోయాను."

అక్క తలెత్తలేదు. "ఆ రోజు నాకు చెల్లెలు కావాల్సొచ్చిందే. పోలీసులే కావాలంటే స్టేషన్‌కే ఫోన్ చేసేదాన్నిగా."

మర్నాడు ఆమె పై అధికారి ముందు నిలబడింది. "కొన్నాళ్ళు నాకు హత్య కేసులొద్దు సార్. సొంత మనిషి పోతే ఏడుపు రాలేదు."

ఆయన పెన్ను తీశాడు. "మా అమ్మ పోయినప్పుడు నేనూ..." అని ఆపేసి, ఆమె అర్జీ మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడామె ప్రతి ఆదివారం అక్క దగ్గరికి వెళ్తుంది. అక్క మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది. కానీ చెల్లెలు ఏదైనా అడిగితే, చివరికి "పిల్ల ఎప్పుడొస్తుంది?" అన్నా సరే, జవాబు చెప్పే ముందు అక్క ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూస్తుంది. ఆ చూపుకు ఆమె తల దించుకుంటుంది.