ముసలి తమ్ముడు, పన్నెండేళ్ల అక్క

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో నన్ను తాండూరుకు పంపారు. అప్పుడు నేను హైదరాబాద్‌లోని ఒక డబ్బింగ్ సంస్థలో సూపర్‌వైజర్‌ని. ఇంగ్లీషులో తయారైన ఒక సైన్స్ ఫిక్షన్ యానిమేషన్ సీరియల్‌ను పిల్లల చానెల్ కోసం తెలుగులోకి తెచ్చే పని మా చేతికి వచ్చింది. కథలో రాళ్ల గనులున్న ఒక ఉపగ్రహం ఉంది. అక్కడివాళ్లకు తాండూరు వైపు భాష పెడదామని చెప్పింది నేనే. మాది వికారాబాద్. అందుకని గొంతులు వెతికి, అక్కడే రికార్డు చేసుకొచ్చే బాధ్యత కూడా నాకే అప్పగించారు.

తాండూరులో పెళ్లి పాటలు రికార్డు చేసే చిన్న గది ఒకటి అద్దెకు తీసుకున్నాం. నాపరాళ్ల గచ్చు కావడంతో మాట తిరిగి మోగేది. నేల మీద బొంతలు పరిచి, గోడలకు గొంగళ్లు కట్టాక గానీ సౌండ్ ఇంజనీరు ఒప్పుకోలేదు.

కథ అక్కాతమ్ముళ్లది. రీవాకు పన్నెండేళ్లు, డోరిన్‌కు ఏడు. ప్రమాదంలో విడిపోతారు. అక్క ఎక్కిన అంతరిక్ష నౌక కాంతి వేగానికి దగ్గరగా పోతుంది. ఆ వేగంలో కాలం నెమ్మదిగా నడుస్తుందన్నది కథకు ఆధారం. ఆమెకు కొన్ని నెలలే గడుస్తాయి, గనుల్లో మిగిలిన తమ్ముడికి యాభై ఐదేళ్లు. పంతొమ్మిదో భాగంలో వాళ్లు కలుస్తారు. తమ్ముడికి తెల్లగడ్డం. అక్క ఇంకా పన్నెండేళ్ల పిల్లే.

ఇంగ్లీషులో ఇద్దరూ పేర్లతోనే పిలుచుకుంటారు కాబట్టి అక్కడ చిక్కు లేదు. మాకు వచ్చింది. మొదటి భాగంలో పసివాడు ‘అక్కా’ అంటాడు. ముసలివాడయ్యాక ఏమనాలి? ‘బిడ్డా’ కుదరదు. బొమ్మలో అతని మాట నోరు తెరుచుకుని మొదలవుతుంది, ‘బ’కు పెదాలు మూయాలి. ‘అక్కా’, ‘చెల్లే’ రెండూ పెదాల కదలికకు సరిపోతాయి. చానెల్ భాషా విభాగం అధిపతి ‘చెల్లే’ ఖాయం చేశారు. ముసలాయన చిన్నపిల్లను అక్కా అంటే పిల్లలు నవ్వుతారని ఆయన వాదన. నాకూ సబబుగానే తోచి, కాగితంలో అలాగే రాయించాను.

ముసలి డోరిన్ గొంతుకు బంట్వారం రైతు బస్వరాజును ఎంపిక చేశాను. అరవై రెండేళ్ల మనిషి. కంది పండిస్తారు, ఊరి నాటకాల్లో నలభై ఏళ్లు వేషం కట్టారు. డబ్బింగ్‌లో సన్నివేశాన్ని చిన్న ముక్కలుగా కోస్తాం. ఒక్కో ముక్కను లూప్ అంటాం. ఆర్టిస్టు ఒక్కడే మైకు ముందు నిలబడి, తెర చూస్తూ చెప్పాలి. ఆయన రెండు రోజుల్లోనే ఈ పద్ధతి పట్టుకున్నారు.

మూడో రోజు ఆ పిలుపున్న లూప్ వచ్చింది. ఆయన ‘అక్కా’ అన్నారు. కాగితం చూసి చెప్పమన్నాను. మళ్లీ ‘అక్కా’ అన్నారు. మూడోసారి నోరు తెరిచి ఊరుకున్నారు. అద్దె గంటలు నడుస్తున్నాయి. నేను మైకు గదిలోకి వెళ్లి కొంచెం కటువుగానే అడిగాను.

“బస్వరాజు గారూ, అక్షరాలు కనబడ్తలేవా?”

“కనబడ్తున్నయి మేడం. నోరే తిరుగుతలేదు.”

హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నారు.

“మా అక్క పన్నెండేండ్లకే పోయింది మేడం. చేన్ల పాము కరిసింది. అప్పుడు నాకు ఏడేండ్లు. ఇప్పటికీ కలల వస్తే గదే ఉమ్మర్ల ఉంటది. నేను గిట్ల ముసలోన్నే ఉంట. అయినా అక్కా అనే పిలుస్త. గామెను చెల్లె అని ఎట్లంట?”

క్షమించమని అడిగాను. ఆయన నా మీద కోపం ఏమీ పెట్టుకోలేదు. “మీ పని మీది మేడం, రెండు తీర్ల చెప్త, ఏది పనికొస్తే గది పెట్టుకోండ్రి” అన్నారు. మా వృత్తిలో దీన్ని ఆల్టర్నేట్ టేక్ అంటారు. రెండూ రికార్డు చేశాం. ‘చెల్లే’ తప్పు లేకుండా వచ్చింది. ‘అక్కా’ అన్నప్పుడు మాత్రం ఇంజనీరు రికార్డింగ్ ఆపే బటన్ మీద వేలు పెట్టి, నొక్కడం మరిచిపోయాడు.

రెండూ పంపితే అధిపతి ‘చెల్లే’నే ఉంచమన్నారు. ఇంకా సాగదీస్తే ఆ పాత్రను హైదరాబాద్‌లో వేరే గొంతుతో చెప్పిస్తానని కూడా అన్నారు. బస్వరాజు సొంత సంగతి ఆయనకు చెప్పి ఒప్పించడం నాకు ఇష్టం లేకపోయింది. అది బస్వరాజు నాతో చెప్పుకున్న మాట, ఆఫీసు వాదనకు వాడుకునేది కాదు. పిల్లలకే చూపిస్తానని నాలుగు రోజులు గడువు అడిగాను. ఇచ్చారు.

వికారాబాద్‌లో ఒక బడి ప్రధానోపాధ్యాయురాలు నాకు తెలిసినవారు. ఆరో తరగతి పిల్లలకు మొదటి భాగంలో కొంత, తర్వాత పంతొమ్మిదో భాగం వేసి చూపించాను. తెల్లగడ్డం మనిషి ‘అక్కా’ అనగానే తరగతి మొత్తం నవ్వింది. అధిపతి మాటే నిజమైందనుకున్నాను. తెర మీద రీవా వెనక్కి తిరిగి ఆ ముఖాన్ని చూస్తూ నిలబడింది. ఆయన రెండోసారి పిలిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక, చెల్లె అంటే బాగుండేదా అని అడిగాను. మూడో బెంచీలోని అమ్మాయి లేచింది.

“వద్దు మేడం. చెల్లె అంటె ఆమె గుర్తువట్టదు. గడ్డం మొకం ఆమె ఎన్నడు చూడలే గద. అక్కా అన్నందుకే తమ్ముడని తెలిసింది.”

ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న అధిపతికీ నాకూ తట్టని సంగతి అది. కథలోనే ఉంది, మేము పెదాలు చూస్తూ కూర్చున్నాం. పిల్లలు నవ్విన సంగతి దాచకుండా, ఆ అమ్మాయి మాటను ఉన్నదున్నట్టు రాసి పంపాను. మర్నాడు ‘అక్కా’ ఉంచమని రెండు పంక్తుల అనుమతి వచ్చింది.

ఫోన్ చేసి చెబితే బస్వరాజు “మంచిగైంది” అన్నారు. “గా పిల్ల నన్నేమని పిలుస్తది మేడం?” అని అడిగారు.

రీవా మాటలు ఇంకా తెలుగులో రికార్డు కాలేదు. కాగితం తీసి చూశాను. ఇంగ్లీషులో ఉన్నట్టే ‘డోరిన్’ అని ఒట్టి పేరుంది. ‘తమ్మీ’ అంటే మధ్యలో పెదాలు కలుస్తాయి, బొమ్మలో కలవవు. రీవా ముఖం తమ్ముడి భుజం చాటుకు పోయే చోటు ఒకటి దొరికింది. పేరు తీసేసి ఆ ఒక్క మాట అక్కడ పెట్టించాను. ఆ భాగం అలాగే ప్రసారమైంది.

ఆ తర్వాత మిగిలిన రెండేళ్లలో రెండు నియమాలు పాటించాను. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో పట్టిక వేసుకోకుండా, అది కథకు ఎందుకు కావాలో చూసుకోకుండా, ఏ సీరియల్‌కూ మాటలు రాయించలేదు. ఆర్టిస్టు ఒకే మాట దగ్గర రెండుసార్లు కాగితం దాటితే, మూడోసారి చెప్పమనే ముందు కారణం అడిగేదాన్ని. చాలాసార్లు అది పొరపాటే అయ్యేది. అయినా అడగడం మానలేదు.